సెలవింటికి ఒక కుక్కర్

వెలుగు పక్షం, విదియ

స్నానం, జపం అయ్యాయి. ఈ ఇంటి సంగతులు రోజూ కాస్త రాసి పెట్టమని తమ్ముడు మురహరి అన్నాడు. రేపు ఇంకో సెలవిల్లు తెరిచేవాళ్ళకి పనికొస్తాయట. సరే అన్నాను.

చంద్రుడి మీద కూర్చుని తిథులు చెప్పుకోవడం ఏమిటని వాడు నవ్వుతాడు. ఇక్కడ పగలు పదిహేను రోజులు, రాత్రి పదిహేను రోజులు. పక్షాలు కాక మరేమనాలి?

మంచు తవ్వే గోతుల్లో పనిచేసే కుటుంబాలకి ఏడాదికోసారి సెలవు ఇస్తారు. వాళ్ళకి ఆకాశం లేదు, వంటిల్లు లేదు. పడక బంకులో, తిండి మెస్సులో. మా ఇల్లు గుట్ట అంచున ఉంది. హాల్లో పెద్ద అద్దం కిటికీ, అందులో భూమి. వెనక వంటిల్లు. ఇంట్లో ఉండేది నేను, నా తర్వాతది కామాక్షి, మా కాము. ఆఖరివాడు మురహరి గోతుల్లో పని. ఇల్లు సిద్ధం చేయడానికి సెలవు పెట్టి వచ్చాడు.

చిక్కల్లా ఒకటే. భూమి నిండుగా కనిపించేది మాకు చీకటి పక్షంలో. అతిథులు వచ్చేదీ అప్పుడే. ఎండ ఉండదు కాబట్టి బ్యాటరీల మీద నడవాలి. నాలుగు మెషిన్లకి మించి కరెంటు ఇవ్వరు. ఏ నాలుగు?

"స్టవ్ ఒకటి," అన్నాను.

"అది సరే. మిగతా మూడు చెప్పక్కా," అన్నాడు మురహరి.

ఇంకా తేలలేదు.

వెలుగు పక్షం, చవితి

ఫ్రిజ్ వద్దనుకున్నాం. చీకటి పక్షంలో ఉత్తరపు గోడ మంచుగడ్డలా ఉంటుంది. అక్కడ అల్మరాలో పెడితే పెరుగు నాలుగు రోజులైనా పులవదు.

మిక్సీ కావాలి. పచ్చడి లేకుండా మనవాళ్ళు కంచం ముందు కూర్చోరు.

మురహరి ఫ్యాను అన్నాడు.

"గాలి మెషిన్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది కదరా, ఫ్యాను దేనికి?" అంది కాము.

"గాలికి కాదు చిన్నక్కా, చప్పుడుకి. మా బంకులో వీర్రాజని ఒకడున్నాడు. ఫోనులో ఫ్యాను చప్పుడు పెట్టుకుని పడుకుంటాడు. అది ఆగిపోతే పక్క బంకువాళ్ళు కూడా లేస్తారు."

కాము నవ్వింది. చాలా రోజులకి నవ్వింది. ఫ్యాను ఖాయం చేశాను.

వెలుగు పక్షం, షష్ఠి

కాము సంగతి రాయాలి. లేకపోతే చదివేవాళ్ళకి ఈ లెక్క అర్థం కాదు.

మూడేళ్ళ కిందట దాని భర్త దినకరం గోతిలో ఉండగా ఆ గదిలో గాలి కారిపోయింది. తలుపు ఇవతలున్నవాళ్ళకి సన్నటి కూత వినిపించిందట. అంతే. అప్పటి నుంచి కాము సూట్ వేసుకునే పడుకుంటుంది. ఏదైనా ఈల వేసినట్టు వినిపిస్తే హెల్మెట్ బిగించుకుని మూల కూర్చుంటుంది. గంటలు పడుతుంది బయటికి రావడానికి.

పొద్దున్నే దాని జుట్టు దువ్వుతాను. మెడ చుట్టూ సూట్ అంచు ఒరుసుకుని పుళ్ళు పడ్డాయి. ఈ చీకటి పక్షం లోపల సూట్ లేకుండా పడుకోకపోతే వార్డుకి పంపించేస్తానని డాక్టరమ్మ చెప్పింది. వార్డంటే గుట్ట అవతల. మందు ఇచ్చి నిద్ర పుచ్చుతారు. ఎన్నాళ్ళో చెప్పరు.

ఒక్క రాత్రి అది నూలు చీరలో పడుకుంటే చాలు. దేవుణ్ణి వేరే ఏమీ అడగడం లేదు.

వెలుగు పక్షం, సప్తమి

ఇవాళ పప్పు వండి చూశాం. ఇక్కడ గాలి పల్చన. నీళ్ళు ఇట్టే మరుగుతాయి, కానీ ఆ వేడి చాలదు. పొద్దున్న పెట్టిన కందిపప్పు మధ్యాహ్నానికీ గింజగింజగానే ఉంది. మెదిపితే గరిటె అరిగింది గానీ పప్పు అరగలేదు.

మురహరి లోపలికెళ్ళి తన సంచీ తెచ్చాడు. అందులోంచి కుక్కర్ తీసి గట్టు మీద పెట్టాడు. గోతుల్లోవాళ్ళు చందా వేసుకుని భూమి నుంచి తెప్పించారట, సెలవింటికని.

కాము మూత మీది వెంటు వైపు చూసింది. ఇంకేమీ చూడలేదు.

"ఇది విజిల్ వేస్తుంది," అంది.

"మూడంటే మూడే చిన్నక్కా. తర్వాత దించేస్తాం."

"వద్దురా."

"కుక్కర్ లేకుండా పప్పెలా ఉడుకుతుందే? వాళ్ళు వచ్చేదే..." అన్నాను.

"వద్దన్నానుగా!"

గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. హెల్మెట్ బిగించిన చప్పుడు వినిపించింది. కుక్కర్ ఇంకా పొయ్యి మీదికే ఎక్కలేదు.

ఇంట్లో గాలి బాధ్యత కాముది. ఆ పని దానంత తెలిసినవాళ్ళు ఈ గుట్ట మీద లేరు. కూత పెట్టే వస్తువు ఏదైనా లోపల వాడాలంటే కాము సరే అనాలి, అదే నిబంధన. నిబంధన లేకపోయినా నేను వాడను.

"తీసి దాచెయ్యి నాయనా," అన్నాను.

"మరి వాళ్ళకేం చెప్పను అక్కా? ఏడాదంతా పప్పన్నం అని కలవరిస్తున్నారు."

"పెద్దక్క వద్దందని చెప్పు."

వాడు కుక్కర్‌ని గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాల వెనక పెట్టాడు. బుద్ధిమంతుడు.

వెలుగు పక్షం, ఏకాదశి

ఉపవాసం. తల తేలిగ్గా ఉంది.

పప్పు పెట్టలేని ఇంటికి వేరే ఏదైనా సుఖం ఉండాలనిపించింది. నాలుగో మెషిన్ కింద వాషింగ్ మెషిన్ పెడదామన్నాను. గోతుల్లో బట్టలకి వేడిగాలి కొట్టి ఇస్తారు. నీళ్ళలో తడిసిన బట్ట వాసన వాళ్ళు మరిచిపోయి ఉంటారు.

"అది మంచి మాటే," అన్నాడు మురహరి. కాము కూడా సరేనంది.

వెలుగు పక్షం, త్రయోదశి

మెషిన్ వచ్చింది. వంటింటి వెనక చిన్న గదిలో పెట్టాం. వేసి చూస్తే ఎగిరింది. భూమి మీద తన బరువుకి తను కూర్చునే వస్తువు, ఇక్కడ ఆరో వంతు బరువే కదా. బట్టలు పిండేటప్పుడు మేకపిల్లలా గెంతుతూ గుమ్మం దాకా వచ్చింది.

"దీనికి తాడు కట్టాలి," అంది కాము.

మురహరి బోల్టులతో బయటి గోడకి బిగించాడు. పక్కనే నీళ్ళ గొట్టం గోడలోంచి బయటి ట్యాంకులోకి వెళ్తుంది. మళ్ళీ వేస్తే కదల్లేదు. గోడ మాత్రం కాస్త గుర్రుమంది. కాము గొట్టం చుట్టూ చెయ్యి పెట్టి చూసి, బాగానే ఉందంది. అప్పుడు లోపల రెండు తువ్వాళ్ళే ఉన్నాయి.

చీకటి పక్షం, పంచమి

అతిథులు వచ్చారు. వీర్రాజు, ఆయన భార్య మంగతాయారు. ఇద్దరిదీ అమలాపురం వైపు. రాగానే ఆయన హాల్లో తలెత్తి చూశారు.

"ఫ్యానండోయ్! ఇదిగో చూడు, మూడు రెక్కలది!"

"ఆయ్, కనిపిస్తోంది. భూమి అటుంది, ఇటు చూస్తారేంటి?" అంది ఆమె.

ఆయన భూమిని తర్వాత చూశారు.

భోజనంలో బీరకాయ పచ్చడి, చారు, పెరుగు. తృప్తిగానే తిన్నారు. చివర్లో వీర్రాజు మెల్లిగా అడిగారు.

"అక్కగారూ, ఏమీ అనుకోకండి. పప్పు రేపనుకున్నారా?"

"లేదు బాబూ. ఈ ఇంట్లో కుక్కర్ వాడం."

"కుక్కర్ లేని ఇల్లాండీ!" అన్నారు. మంగతాయారు కాలితో తన్నినట్టుంది, మాట మింగేశారు.

కాము తల వంచుకుని కంచం తీసుకుని లేచింది. సగం అన్నం అలాగే ఉంది.

చీకటి పక్షం, సప్తమి

పొద్దున్న జుట్టు దువ్వుతుంటే కాము అడిగింది.

"వాళ్ళు బాధపడ్డారా అక్కా?"

"లేదు."

"ఆవిడ నిన్న మురహరితో అంటుంటే విన్నాను. పప్పులో నెయ్యి వేసుకుని, కళ్ళు మూసుకుని తినాలనుకుందట ఆ అద్దం ముందు."

"అనుకోనీ. నువ్వు తల కదపకు."

మళ్ళీ తనే అంది. "నా మూలంగా ఇంటికి చెడ్డపేరు."

జడ కట్టేశాను. నెత్తిన చెయ్యి పెట్టాను.

చీకటి పక్షం, అష్టమి

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఇవాళ నిండు భూమి. దీపాలు లేకుండానే హాలంతా నీలంగా ఉంది. నేను హాల్లో మూల దేవుడి దగ్గర జపమాలతో కూర్చున్నాను. దంపతులు అద్దం ముందు. మురహరి స్టూలెక్కి ఫ్యాను రెక్కలు తుడుస్తున్నాడు. మంగతాయారు ఏడాది బట్టలన్నీ మెషిన్లో కుక్కి వేసి వచ్చింది. కాము స్నానం చేసి, సూట్ గదిలో ఆరవేసి, వంటింట్లో సొరకాయ తరుగుతోంది.

కూత వినిపించింది. వంటింటి వైపు నుంచి. సన్నగా మొదలై, పెద్దదై, ఆగిపోయింది.

నా వేలు పూస మీద ఆగింది. మనసు "ఒకటి" అంది.

"అదిగో!" అన్నారు వీర్రాజు. "విన్నావా?"

"ష్! మెల్లిగా. ఒప్పుకున్నట్టున్నారు. పైకి అనకండి, మళ్ళీ మానేస్తారు."

మురహరి స్టూలు మీంచి నా వంక చూసి నవ్వాడు. నేను పెట్టాననుకున్నాడు. వాడు పెట్టి ఉంటాడని నేననుకున్నాను. లోపల కాము ఉంది. పరిగెత్తలేదు. అరవలేదు. అంటే తనే ఒప్పుకుని ఉంటుంది. నా మొర ఆలకించావా తండ్రీ అనుకుని కళ్ళు మూసుకున్నాను.

రెండోది వచ్చింది.

"ఇంకొక్కటి. దించెయ్యడమే," అన్నారు వీర్రాజు. ఆయన గొంతు పిల్లవాడి గొంతులా ఉంది. అందరం మూడోదాని కోసం కూర్చున్నాం. మా ఐదుగురిలో ఒక్కరూ కదల్లేదు. గాలి మీటర్ ఎదురుగా గోడ మీదే ఉంది. ఎవరూ దాని వైపు చూడలేదు. విజిల్స్ లెక్కపెట్టుకుంటున్నాం.

మూడోది పొడుగ్గా వచ్చింది.

వాసన రాలేదు.

మూడు కూతలకి పప్పు వాసన ఇల్లంతా నిండాలి. లేచాను. నడిచే వెళ్ళాను, పరిగెత్తలేదు.

స్టవ్ మీద ఏమీ లేదు. కాము గట్టుని రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది. ఒంటి మీద నూలు చీర. కళ్ళు గట్టిగా మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. అదీ లెక్కపెడుతోంది.

"కామూ, కుక్కర్ ఏదే?"

కళ్ళు తెరిచింది. "నువ్వేగా పెట్టావు. నాకు కనపడకుండా వెనక గదిలో, ఏదో పొయ్యి మీద."

"నేను పెట్టలేదమ్మా."

ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నాలుగోది మొదలైంది. అది ఆగలేదు.

తర్వాత అంతా కామే చేసింది. "మురహరీ! వాళ్ళకి మాస్కులియ్యి! హాలు తలుపు వేసెయ్!" అని ఒక్క కేక వేసింది. వెనక గది తలుపు లాగింది. మెషిన్ బట్టలు పిండుతోంది, గోడ వణుకుతోంది. గొట్టం చుట్టూ సీలు చీలి, మెషిన్ ఊగినప్పుడల్లా తెరుచుకుంటోంది. కాము స్విచ్చి కట్టేసింది. కానీ అప్పటికే చీలిక పెద్దదైంది, కూత ఆగలేదు. చీర చెంగు దానంతటది గోడ వైపు లేచి నిలబడింది.

గోడకున్న అతుకు రబ్బరు అందుకుంది. మెషిన్‌కి గోడకి మధ్య సందులో దూరాలి. నేను కాము నడుం పట్టుకున్నాను.

"వదలకక్కా."

"వదలను."

రబ్బరుని గొట్టం దగ్గరికి తీసుకెళ్ళగానే బయటి శూన్యమే దాన్ని లాగి గోడకి అంటించేసింది. కూత ఆగింది. చెవుల్లో హోరు మిగిలింది.

ఇద్దరం అక్కడే నేల మీద కూర్చున్నాం. మురహరి మాస్కులతో వచ్చి మా ఇద్దరి ముఖాలకీ తగిలించాడు. కాము తన మాస్కు పట్టీ తనే సరిచేసుకుంది.

దేవుడికి దండం పెట్టుకున్నాను. ఇవాళ్టికి ఇంతే.

చీకటి పక్షం, నవమి

మరమ్మతు మనిషి వచ్చి కొత్త సీలు వేసి వెళ్ళాడు. ఇంకో విడత బట్టలు తిరిగి ఉంటే గొట్టం ఊడి వచ్చేసేదన్నాడు. మెషిన్‌ని బయటి గోడకి బిగించకూడదట. మురహరి అప్పటి నుంచి తల ఎత్తలేదు. వాడికి ఇష్టమని మామిడికాయ పచ్చడి చేశాను. తిన్నాడు.

మంగతాయారు ఏడుస్తూ, బట్టలు ఎక్కువ వేశానంది. చీకటి పక్షంలో ఇంటినిండా తడి బట్టలే చూడాలని ఆశపడిందట. తీగ కట్టి, తడి బట్టలన్నీ హాల్లో ఆరేయించాను. అద్దం ముందు ఒక వరస. భూమి సగం కనిపించలేదు. ఎవరికీ పట్టలేదు.

రాత్రి కాము మెడకి పసుపు రాస్తూ అడిగాను.

"కూత విన్నావు కదా. ఎందుకు నిలబడిపోయావే?"

"నువ్వు పెట్టావనుకున్నా."

"నీకు చెప్పకుండా పెడతానా?"

"వాళ్ళ కోసం పెట్టుంటావనుకున్నా. నేను పరిగెత్తితే దించేస్తావు. ఆవిడ పప్పు తినకుండానే వెళ్ళిపోతుంది. మూడంటే మూడేగా, ఓర్చుకుందామనుకున్నా."

పసుపు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది నాకు. మూడేళ్ళుగా అది పరిగెత్తినప్పుడల్లా, పరిగెత్తకుండా చూడు స్వామీ అని మొక్కాను. నిన్న పరిగెత్తలేదు. నా కోసం పరిగెత్తలేదు. నేనేమో హాల్లో కూర్చుని మొక్కు తీరిందని మురిశాను.

"ఇక ఎప్పుడూ అలా ఓర్చుకోకు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "అనుమానం వస్తే పరిగెత్తు. పప్పు పోతే పోతుంది."

అది తల ఊపింది. తర్వాత ఇలా అంది.

"విచిత్రం అక్కా. మూడేళ్ళుగా అది వస్తుంది వస్తుందని కాచుకుని కూర్చున్నాను. నిన్న వచ్చేసిందిగా. మూసేశాం. ఇక దేనికి కాచుకోను?"

నా ఒడిలో తల పెట్టుకుంది. సూట్ తేనా అని అడుగుదామనుకున్నాను. అడిగేలోపే నిద్రపోయింది. తెల్లారే వేళ దాకా లేవలేదు. నేనూ కదల్లేదు.

చీకటి పక్షం, దశమి

ఏ వస్తువులు ఉంచాలో తేలింది. వాషింగ్ మెషిన్ తీసేశాం. స్టవ్, మిక్సీ, ఫ్యాను చాలు. నాలుగోదాని కరెంటు గాలి మెషిన్‌కే ఇచ్చేశాను. బట్టలు చేత్తో ఉతుక్కుంటారు. మంగతాయారు అదే మేలంది, బకెట్లో చేతులు పెట్టుకుని కూర్చుంటానంది.

కుక్కర్ సంగతి నేనెత్తలేదు. కామే బియ్యం డబ్బాల వెనక నుంచి తీసి, గుడ్డ విప్పి, వెంటు ఊడదీసి కడిగింది.

"ఉంచుదాం అక్కా. కానీ ఒక పద్ధతి పెడదాం. ఎవరు పెట్టినా, ఇంట్లో ఉన్న ప్రతి మనిషి దగ్గరికీ వెళ్ళి చెప్పాలి. కేకేసి కాదు, ఎదురుగా వెళ్ళి. అవతలి మనిషి సరే అన్నాకే స్టవ్ వెయ్యాలి. చెప్పకుండా కూత వినిపిస్తే అది కుక్కర్ కాదు."

"అలాగే."

"నిద్రపోతుంటే లేపైనా సరే."

"జపంలో ఉంటే?"

"జపంలో ఉన్నా చెప్పాలి."

నిబంధనల అట్ట మీద అదే రాసి వంటింట్లో తగిలించాడు మురహరి. నేను ఈ పుస్తకంలోనూ రాస్తున్నాను. సెలవిల్లు తెరిచేవాళ్ళు ఎవరైనా సరే, వస్తువుల కంటే ముందు ఇది చూసుకోండి.

ఇవాళ పప్పు కడిగి, టమాటా వేసి, మూత బిగించింది కాము. చీర కొంగు బొడ్లో దోపుకుని బయల్దేరింది. ముందు అద్దం దగ్గరికి.

"వీర్రాజుగారూ, కుక్కర్ పెడుతున్నానండి. మూడు విజిల్స్."

ఆయన లేచి నిలబడి మరీ "అలాగేనండీ" అన్నారు. మంగతాయారు బకెట్లోంచి చేతులు తీసి "సరే తల్లీ" అంది. ఫ్యాను కింద పడుకున్న మురహరిని తట్టి లేపింది.

"ఒరే, కుక్కర్ పెడుతున్నా."

"పెట్టు చిన్నక్కా, పెట్టు, నన్నెందుకు..." అని గభాలున లేచి కూర్చుని, "సరే!" అన్నాడు.

చివరికి నా దగ్గరికి వచ్చింది. నేను కళ్ళు తెరిచాను.

"అక్కా, కుక్కర్ పెడుతున్నా."

"మంచిదమ్మా."

స్టవ్ వేసి వచ్చి నా పక్కన కూర్చుంది. మొదటి కూతకి దాని చెయ్యి నా చెయ్యి వెతుక్కుంది. గట్టిగా పట్టుకుంది, గోళ్ళు దిగాయి. ఇల్లంతా పప్పు వాసన వచ్చింది. రెండోదానికి చెయ్యి అలాగే ఉంది, పట్టు మాత్రం సడలింది. మూడోది రాగానే నా చెయ్యి వదిలి, తనే లేచి, స్టవ్ కట్టేయడానికి వెళ్ళింది.